0.5 చూసి సంబరపడ్డాను

మా అక్కయ్య ఒంట్లో కండ కరిగిపోతుంటే నేను సంబరపడ్డాను. తెలియక చేశారు కదా అని మా ఆవిడ సర్దిచెబుతుంది. తెలియకపోవడం వేరు. అంతా తెలుసని నమ్మి, బాధ చెప్పుకోవడానికి వచ్చిన మనిషి నోరు మూయించడం వేరు. నేను చేసింది రెండోది.

బావగారు పోయాక అక్కయ్యని భీమవరం నుంచి హైదరాబాద్ హైదర్‌గూడలో మా ఇంటికి తెచ్చుకున్నాం. నాకంటే ఎనిమిదేళ్లు పెద్దది. అమ్మ మంచాన పడ్డ రోజుల్లో నాకు లాగు తొడిగి, తల దువ్వి బడికి పంపిన మనిషి. ఇప్పుడు ఆవిడకి షుగరుంది, బీపీ ఉంది. నేను ఆడిట్ శాఖలో పనిచేసి రిటైరయ్యాను. ఆ అలవాటుతో ఆమె రక్తపరీక్షల కాగితాలన్నీ తేదీలవారీగా ఫైలు చేసి, నోటుబుక్కులో గళ్లు గీసి అంకెలు ఎక్కించేవాణ్ని. ఆ గళ్లన్నింట్లోకీ నేను కనిపెట్టుకుని ఉన్నది క్రియాటినిన్ గడిని. వచ్చిన ఏడు 0.9. మరుసటి ఏడు 0.8. ఆ తర్వాత 0.7, 0.6. చివరికి 0.5.

క్రియాటినిన్ పెరిగితే కిడ్నీలు దెబ్బతింటున్నట్టు. నాకు తెలిసిన ముక్క ఇదొక్కటే. ఆఫీసులో నా పక్క సీటు మిత్రుడు డయాలసిస్ మీద కొన్నేళ్లు గడిపి పోయాడు. అతని మంచం పక్కన కూర్చుని ఆ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఆ భయం నాలో ఉండిపోయింది. పెరిగితే చెడు అయినప్పుడు తగ్గితే మంచే కావాలి కదా అనుకున్నాను. ఏటేటా అంకె దిగుతుంటే అక్కయ్య కిడ్నీలు బాగుపడుతున్నాయని తేల్చేశాను. అది నా ఘనతేనని కూడా నమ్మాను. ఎందుకంటే మా ఇంట్లో పప్పు తగ్గించింది నేను.

ఏ డాక్టరూ చెప్పలేదు. ప్రొటీను కిడ్నీల మీద భారం వేస్తుందని ఎవరో అంటే పట్టుకున్నాను. కందిపప్పు వారానికి రెండుసార్లే. పెరుగు మానిపించి పల్చటి మజ్జిగ. పెసరట్టు, సెనగలు, వేరుశెనగ పచ్చడి నెమ్మదిగా కంచంలోంచి తప్పుకున్నాయి. సొరకాయ కూర, బీరకాయ కూర, చారు, రెండు గరిటెల అన్నం. వేడి అన్నంలో ముద్దపప్పు, నెయ్యి, ఆవకాయ ఉంటే ఇంకేమీ అడగని మనిషి ఆవిడ. "కిడ్నీలు ముఖ్యం అక్కయ్యా" అనేవాణ్ని. "సరేలేరా, నువ్వు చదువుకున్నవాడివి" అని మజ్జిగ కలుపుకునేది. దీనికితోడు మెట్లు ఎక్కొద్దు, లిఫ్టులో వెళ్లు. కూరలకి నువ్వెందుకు, నేను తెస్తాను. గుడ్డలు పనమ్మాయి ఉతుకుతుంది. కూర్చో, విశ్రాంతి తీసుకో. ఇదంతా ప్రేమే. ప్రేమ కాబట్టే దాన్ని ఎవరూ తప్పుపట్టలేదు, నేనూ తరచి చూసుకోలేదు.

క్రియాటినిన్ ఎక్కడ పుడుతుందని ఒక్కసారైనా అడిగి ఉంటే ఈ కథ ఉండేది కాదు. అది కిడ్నీల్లో పుట్టదు. కండరంలో పుడుతుంది. మన ఒంట్లో ఉన్న క్రియాటిన్‌లో నూటికి 95 పాళ్లు ఎముకల్ని అంటిపెట్టుకున్న కండరాల్లోనే ఉంటుంది. అందులో ఫాస్ఫేటు తగిలించుకున్న భాగం ఫాస్ఫోక్రియాటిన్. లేచి నిలబడాలన్నా, గబుక్కున చెయ్యి చాచాలన్నా తొలి క్షణాల్లో కండరానికి శక్తిని అందించేది అదే. ఈ రెండింట్లోంచి రోజుకి నూటికి దాదాపు రెండు పాళ్లు ఎవరి ప్రమేయం లేకుండా వాటంతట అవే క్రియాటినిన్‌గా మారి రక్తంలోకి వస్తాయి. కిడ్నీలు దాన్ని వడకట్టి బయటికి పంపుతాయి. అంటే రక్తంలో ఆ అంకెని నిర్ణయించేవి ముఖ్యంగా రెండు: ఎంత కండ ఉంది, కిడ్నీలు ఎంత బాగా వడకడుతున్నాయి. నేను రెండోదాన్నే చూశాను. మొదటిది ఉందనే తెలియదు.

ఈ ఫాస్ఫోక్రియాటిన్‌ని లోకానికి చూపించినవాడు మా ఊరివాడు. యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టారు. అమెరికా వెళ్లి హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్ దగ్గర పనిచేస్తూ, కండరంలో ఫాస్ఫరస్‌ని రంగు ద్వారా కొలిచే ప్రయత్నంలో రంగు రావాల్సినంత త్వరగా రాకపోవడం గమనించారు. ఎందుకు ఆలస్యమవుతోందని వెంటపడ్డారు. 1927లో ఆ ఇద్దరూ ప్రకటించిన ఫలితం ఇదే: ఫాస్ఫేటుతో జతకట్టిన క్రియాటిన్ కండరంలో ఉంది, కండరం పనిచేస్తే అది విడిపోతుంది, విశ్రాంతి తీసుకుంటే మళ్లీ జతకడుతుంది. చిన్నప్పుడు మా బళ్లో మాస్టారు ఆయన పేరు చెప్పినప్పుడల్లా మా ఊరి పేరు చెప్పి ఆగేవారు. ఆ గర్వం నాకు అరవై ఏళ్లుగా ఉంది. ఆయన కనిపెట్టిందేమిటో మాత్రం తెలుసుకోలేదు. రంగు కాస్త ఆలస్యంగా వస్తే ఎందుకని అడిగిన మనిషి ఆయన. అంకె ఏటేటా పడిపోతుంటే ఎందుకని అడగని వాణ్ని నేను.

అడగడానికి ఇంట్లోనే కావలసినన్ని కారణాలు కనిపించాయి. పనమ్మాయి రాని రోజు అక్కయ్య తన చీర తనే ఉతుక్కుని బాల్కనీలో ఆరేసేది. ఒకప్పుడు చుక్క నీరు కారకుండా పిండే చేతులవి. ఆ చీరలోంచి నీళ్లు ధారగా కింది ఇంటివాళ్ల బాల్కనీలోకి కారేవి. వాళ్లొచ్చి చెబితే నేను అక్కయ్యనే మందలించాను, సరిగా పిండమని. పచ్చడి సీసా మూత తీయడానికి మా ఆవిణ్ని పిలిచేది. దిండు గలేబు మార్చేటప్పుడు మధ్యలో కూర్చుండిపోయేది.

చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో కచేరీ అంటే ఆవిడకి పండగ. ఒకసారి కచేరీ అయ్యాక అందరూ లేస్తున్నారు, ఆవిడ లేవడం లేదు. ముందు వరస కుర్చీ వీపు పట్టుకుని ముందుకి ఊగింది, మళ్లీ వెనక్కి పడింది. ఇంకోసారి ఊగింది. పక్కనున్న ఎవరో అమ్మాయి భుజం ఆసరా ఇస్తే లేచింది. మోకాళ్ల నొప్పి అనుకున్నాను. నొప్పిగా ఉందా అని అడిగాను కూడా. "నొప్పి కాదురా, లేవట్లేదు" అంది. ఆ రెండు మాటల్లో తేడా ఎంత ఉందో ఆ రోజు నాకు పట్టలేదు. తర్వాత కచేరీలకి రానని అనడం మొదలుపెట్టింది. వయసు మీదపడి ఆసక్తి తగ్గిందనుకున్నాను.

నారాయణగూడ చౌరస్తాలో రోడ్డు దాటడం ఇంకో కష్టం. సగానికి వచ్చేసరికి బండ్లు వదిలేసేవారు. నేను చెయ్యి పట్టి లాగేవాణ్ని. ఆవిడ పాదాలు నేలను ఈడ్చుకుంటూ వచ్చేవి. సెకనుకి ఒక మీటరు కంటే నెమ్మదిగా నడిచే పెద్దవాళ్లలో కండరాల బలహీనతని అనుమానించాలని ఆసియా దేశాల నిపుణుల బృందం 2019లో చెప్పింది. అది చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ చౌరస్తాయే.

బరువు మాత్రం మారలేదు. అది నన్ను ఇంకా మోసం చేసింది. తూకంలో అదే 52 కిలోలు. కండ తరిగిన చోట కొవ్వు చేరితే తూకానికి తెలియదు. తొడలు, పిక్కలు సన్నబడ్డాయి. నడుము చుట్టూ పెరిగింది. చీరకట్టులో నడుము కనిపిస్తుంది, పిక్కలు కనిపించవు.

ఇక అసలు మాట. ఒక రోజు సాయంత్రం నేను కొత్త రిపోర్టు నోటుబుక్కులోకి ఎక్కిస్తుంటే వచ్చి ఎదురుగా కూర్చుంది. "ఒరేయ్, ఈ కాళ్లు నావి కానట్టుంటున్నాయిరా. ఎక్కడో లోపల ఖాళీ అయిపోతోంది" అంది. నేను తలెత్తకుండా రిపోర్టు తిప్పి ఆమె ముందు పెట్టాను. "చూడు అక్కయ్యా. హిమోగ్లోబిన్ బాగుంది. అల్బుమిన్ 4 ఉంది. క్రియాటినిన్ 0.5. ఈ వయసులో ఇంత మంచి రిపోర్టు ఎవరికీ ఉండదు. అదంతా నీ మనసులో భయం." ఆవిడ కాగితం కేసి చూసి, "అంతేనంటావా" అని లేవబోయి, బల్ల అంచు పట్టుకుని లేచి వెళ్లింది. మళ్లీ ఆ మాట నా దగ్గర ఎత్తలేదు. ఆ కాగితంలో 0.5 పక్కన 'ఎల్' అని అచ్చయి ఉంది. ఉండాల్సిన దానికంటే తక్కువని దాని అర్థం. నా కళ్లు 'హెచ్' కోసమే వెతికేవి.

ఉద్యోగంలో ఉండగా నగదు పుస్తకం సరిపోయిందని గోదాములో సరుకు చూడకుండా సంతకం పెట్టినవాళ్ల మీద నేను రిమార్కులు రాశాను. మా ఇంట్లో నేను చేసింది సరిగ్గా అదే.

ఆ వానాకాలం ఆమెకి జ్వరం వచ్చింది. పదిరోజుల పైచిలుకు మంచం మీదే. జ్వరం తగ్గింది. ఆవిడ లేవలేదు. 2007లో అమెరికాలో ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లని పదిరోజులు మంచానికే పరిమితం చేసి చూస్తే ఒక్క కాళ్లలోనే దాదాపు కిలో కండ పోయిందట. వాళ్లు జబ్బు లేనివాళ్లు, కడుపునిండా తిన్నవాళ్లు. మా అక్కయ్యకి పోగొట్టుకోవడానికి మిగిలిందే కొంచెం. నేను కొన్నేళ్లుగా పప్పు తీసేసిన ఒంటి మీద ఆ జ్వరం వచ్చింది.

పెద్దవయసు జబ్బులు చూసే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాం. నేను ఫైలు, నోటుబుక్కు బల్ల మీద పెట్టాను. ఆవిడ వాటిని పక్కకి జరిపి అక్కయ్య చేతికి ఒక పరికరం ఇచ్చి గట్టిగా నొక్కమంది. 11 కిలోలు చూపించింది. ఆ 2019 ఆసియా లెక్క ప్రకారం ఆడవాళ్లకి 18 కంటే తక్కువైతే బలం తగ్గినట్టు. పిక్క చుట్టూ టేపు పెడితే 28 సెంటీమీటర్లు. 33 కంటే తక్కువైతే అనుమానించాలి. చేతులు గుండెల మీద కట్టుకుని కుర్చీలోంచి అయిదుసార్లు లేచి కూర్చోమంది. 12 సెకన్లు, అంతకంటే ఎక్కువ పడితే లోపం ఉన్నట్టు. అక్కయ్య ఒక్కసారి కూడా లేవలేకపోయింది. తర్వాత ఒంట్లో కండని కొలిచే డెక్సా స్కాన్ తీసి చూసినా అదే తేలింది. సార్కోపీనియా, వయసుతో పాటు వచ్చే కండక్షయం. అప్పుడు నా నోటుబుక్కు తెరిచి, క్రియాటినిన్ గళ్ల మీద వేలు పెట్టి పైనుంచి కిందికి జరిపి, "ఇది మీకు ఏళ్లుగా చెబుతూనే ఉందండీ" అంది. నన్ను నిందించాలని అనలేదు. ఆ గది తలుపు దగ్గరికి నేను ఎలా నడిచానో నాకు గుర్తులేదు.

ఇక్కడితో నా తెలివితక్కువతనం ఆగిపోయి ఉంటే బాగుండేది. ఆగలేదు. ఒక అంకెని తప్పు చదివానని తెలిశాక, తప్పు చదవడానికి వీల్లేని అంకె ఇంకేదో ఉంటుందని వెతకడం మొదలుపెట్టాను. చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీలో గ్రూప్స్‌కి చదివే పిల్లల మధ్య కూర్చుని, వాళ్లలో బయాలజీ చదివిన కుర్రాడొకణ్ని సాయమడిగి, రక్తపరీక్షల పేర్లు రాసుకున్నాను. వాటిని పట్టుకుని హిమాయత్‌నగర్ నుంచి నారాయణగూడ దాకా ల్యాబుల కౌంటర్ల ముందు నిలబడ్డాను. కౌంటర్లో పిల్లలు ఆ పేర్లు ఎప్పుడూ వినలేదు. అక్కయ్యకి ఆ రోజుల్లో కావలసింది పక్కన ఒక మనిషి, ఒక కుర్చీ, ఒక కప్పు పప్పు. నేను రోడ్ల మీద ఉన్నాను.

ఆ పేర్ల వెనక ఉన్న విజ్ఞానం చిన్నదేమీ కాదు. అందుకే నేను అంతలా పట్టుకున్నాను. మయోస్టాటిన్ ఉంది. కండ అతిగా పెరగకుండా ఆపే ప్రొటీన్. 1997లో అలెగ్జాండ్రా మెక్‌ఫెరన్, సె-జిన్ లీ ఎలుకల్లో దాని జన్యువుని తీసేస్తే కండలు రెట్టింపయ్యాయి. బెల్జియన్ బ్లూ అనే జాతి పశువులకి అంత కండ ఆ జన్యువు చెడిపోవడం వల్లే వచ్చింది. అయితే దాన్ని రక్తంలో కొలిచి ముసలివాళ్ల కండ సంగతి చెప్పొచ్చా? డాక్టరమ్మ తల అడ్డంగా ఊపింది. మయోస్టాటిన్‌ని తయారుచేసేదీ కండరమే. కండ తగ్గితే అదీ తగ్గొచ్చు. ఒక పరిశోధనలో ఎక్కువ ఉంటే ఇంకోదాంట్లో తక్కువ.

అగ్రిన్ ముక్క ఉంది. నరం వచ్చి కండరాన్ని తాకే చోట ఆ అతుకుని నిలబెట్టే ప్రొటీన్ అగ్రిన్. దాన్ని ఒక ఎంజైము కోసినప్పుడు ఒక ముక్క రక్తంలోకి వస్తుంది. నరానికీ కండకీ మధ్య బంధం తెగుతోందని అది చెప్పగలదన్న ఆశ నాకు చాలా నచ్చింది. కానీ ఆ ముక్కని బయటికి పంపేది కిడ్నీలే. కిడ్నీ నెమ్మదిస్తే కండ బాగున్నా అది పెరుగుతుంది. జీడీఎఫ్-15 అనే ఇంకో ప్రొటీన్ వయసుతో పాటు పెరుగుతుంది. గుండెజబ్బులోనూ, క్యాన్సర్‌లోనూ పెరుగుతుంది. అక్కయ్య రోజూ వేసుకునే మెట్‌ఫార్మిన్ మాత్ర వల్ల కూడా పెరుగుతుంది. ఐఎల్-6, సీఆర్‌పీ ఒంట్లో వాపుని చెబుతాయి. పంటికి చీము పట్టినా పెరుగుతాయి. నేను అక్కయ్య ముందు పెట్టి గొప్పగా చూపించిన అల్బుమిన్ కాలేయంలో తయారయ్యేది. అది బాగుంటే కండ బాగున్నట్టు కాదు.

యూరప్ నిపుణుల బృందమైనా, ఆసియా బృందమైనా కండక్షయాన్ని నిర్ధారించడానికి పెట్టుకున్న కొలతలు బలం, నడక, కండ పరిమాణం. రక్తపరీక్ష ఆ కొలతల్లో లేదు. "మరి రక్తం ఎందుకు తీశారండీ?" అని అడిగాను. సరిచేయగలిగిన కారణాలు ఏమైనా ఉన్నాయేమో చూడడానికి అంది. విటమిన్ డి, థైరాయిడ్, బి12. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వేసుకునేవాళ్లలో బి12 తగ్గుతుంది. అక్కయ్యకి డి, బి12 రెండూ తక్కువే. నేను మొత్తం పానెల్ చేయించానని గొప్పలు పోయిన ఏళ్లలో ఆ రెండూ ఒక్కసారైనా చేయించలేదు.

ఆ తర్వాత రాయించిన పరీక్ష నా మిగిలిన కాస్త అభిమానాన్నీ తుడిచేసింది. సిస్టాటిన్-సి. ఇది ఒంట్లో కేంద్రకం ఉన్న ప్రతి కణమూ ఒకే తీరుగా తయారుచేసే చిన్న ప్రొటీన్. కండ ఎంత ఉందన్నదాని మీద పెద్దగా ఆధారపడదు. కిడ్నీలే దాన్ని వడకడతాయి. అక్కయ్యకి 1.3 వచ్చింది. క్రియాటినిన్‌తో లెక్కకడితే ఆమె కిడ్నీల వడపోత, అంటే ఈజీఎఫ్ఆర్, 95 పైనే ఉంది. సిస్టాటిన్‌తో కడితే 50 లోపు. సిస్టాటిన్‌ని వాపు, థైరాయిడ్, స్టెరాయిడ్లు కూడా కదిలిస్తాయి కాబట్టి నిజం ఈ రెండింటి మధ్య ఎక్కడో ఉంటుంది, రెండూ కలిపి చూద్దాం అంది డాక్టరమ్మ. అయినా నాకు అర్థమవాల్సింది అర్థమైంది. ఏ కిడ్నీల కోసం కండని పణంగా పెట్టానో ఆ కిడ్నీలు కూడా నేను అపార్టుమెంటంతా చాటుకున్నంత బాగా లేవు. కండ తగ్గి క్రియాటినిన్ తక్కువ పుడుతోంది. ఆ తక్కువ పుట్టడం కిడ్నీల నెమ్మదిని కప్పేసింది. మెట్‌ఫార్మిన్ మోతాదు ఆ 95ని చూసి నిర్ణయించింది. ఈజీఎఫ్ఆర్ 45 కంటే దిగితే ఆ మోతాదుని తిరిగి చూడాలి, 30 కంటే దిగితే మానేయాలి. ఇంకొన్నేళ్లు నేను అదే సంబరంలో ఉండి ఉంటే ఏమయ్యేదో ఆలోచించడానికి కూడా భయమేస్తుంది.

క్రియాటినిన్‌ని సిస్టాటిన్‌తో భాగించి నూటితో హెచ్చిస్తే వచ్చే అంకెని సార్కోపీనియా ఇండెక్స్ అంటారు. ఐసీయూ రోగుల్లో కండని అంచనా వేయడానికి మేయో క్లినిక్ వైద్యులు 2017లో దీన్ని ప్రతిపాదించారు. రెండూ మామూలు ల్యాబులో దొరికే పరీక్షలే. ఇన్ని పేర్ల వెంట తిరిగిన నాకు, ఉన్నవాటిలో పనికొచ్చే దాంట్లో సగం నా నోటుబుక్కులో మొదటినుంచీ ఉందని తెలిసింది. ఇదైనా, ఇక్కడ గీత గీయొచ్చని అందరూ ఒప్పుకున్న హద్దు ఉన్న అంకె కాదు. కుర్చీ పరీక్ష చేశాక, దానికి తోడుగా చూసుకునేది.

కుర్చీ, టేపు అంటే నాకు మొదట్లో నమ్మకం కుదరలేదు. ఇంత పెద్ద విషయం టైలరు టేపుతో తేలుతుందా అనిపించింది. తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ మా ఇంటికి ఎంత దూరం? అక్కడి పరిశోధకులు 1987 నుంచి 1990 దాకా హైదరాబాద్ చుట్టుపక్కల 29 పల్లెల్ని తీసుకుని, వాటిలో దాదాపు సగం ఊళ్లలో గర్భిణులకీ, చిన్నపిల్లలకీ పోషకాహారంగా ఉప్మా పెట్టి చేసిన అధ్యయనం ఒకటుంది. ఆ పిల్లలు పెద్దయ్యాక వాళ్లనీ, వాళ్ల తల్లిదండ్రులనీ మళ్లీ మళ్లీ పరీక్షించారు. భారతి కులకర్ణి బృందం 2013లో ఇక్కడివాళ్ల డెక్సా స్కాన్లని పక్కన పెట్టుకుని, ఎత్తు, బరువు, చేతి చుట్టుకొలత, పిక్క చుట్టుకొలత వంటి మామూలు కొలతలతో భారతీయుల కండని అంచనా వేసే సమీకరణాలు తయారుచేసింది. స్కాన్ లేని ఊరికి టేపు చాలు అని చూపించడానికి మనవాళ్లే నిలబడ్డారు. ఉప్పల్ రోడ్డు మీద సీసీఎంబీలో జ్యోత్స్న ధవన్ కండరాల్లో నిద్రపోతూ ఉండే మూలకణాల మీద ఏళ్ల తరబడి పనిచేశారు. గాయమైనప్పుడు మేలుకొని కండని తిరిగి కట్టే కణాలవి. ఇవన్నీ నేనున్న ఊళ్లోనే జరిగాయి.

ఇంకొకటి చదివి కొంచెం ఊపిరి తీసుకున్నాను. 1990లో బోస్టన్‌లో మరియా ఫియాటరోన్ సగటున తొంభై ఏళ్లున్న బలహీనులైన వృద్ధులకి 8 వారాలపాటు కాళ్లతో బరువులెత్తించింది. వాళ్ల కాళ్ల బలం సగటున రెండింతలు దాటి పెరిగింది. తొడ కండ కూడా పెరిగింది. అక్కయ్యకి అప్పటికి 74.

మా వంటింట్లో కందిపప్పు డబ్బా మళ్లీ కింది అరలోకి వచ్చింది. రోజుకి కిలో బరువుకి 0.83 గ్రాముల ప్రొటీను చాలని మన పోషకాహార సంస్థ 2020 లెక్క. వయసు మళ్లినవాళ్లకి 1 నుంచి 1.2 దాకా కావాలని పెద్దవయసు నిపుణుల సిఫారసు. అక్కయ్య కిడ్నీల సంగతి చూసి డాక్టరమ్మ 1 దగ్గర ఆపింది. అంటే రోజుకి 50 గ్రాముల పైన. నూరు గ్రాముల ఎండు కందిపప్పులో 22 గ్రాములుంటుంది. నేను పెట్టించిన ఆ రెండు గరిటెల అన్నం, చారు, మజ్జిగల్లో ఎంతుండేదో పాత మెనూ రాసుకుని లెక్కకట్టాను. 25 కూడా దాటలేదు. ఆ కాగితాన్ని నోటుబుక్కులోనే పెట్టాను.

ముద్దపప్పు వడ్డించిన రోజు అక్కయ్య నా మొహం కేసి చూసింది. "కిడ్నీలకి ఏమీ కాదా?" అని అడిగింది. నన్ను దెప్పడానికి కాదు, నిజంగానే అడిగింది. నేను చెప్పిందంతా అన్నేళ్లు నమ్మింది కాబట్టి. అప్పుడు చెప్పాను, మొత్తం. అంకె తప్పు చదివానని, ఆవిడ కాళ్ల గురించి చెప్పినప్పుడు వినలేదని, ఆ రోజు బల్ల మీద రిపోర్టు తిప్పి పెట్టడం దుర్మార్గమని. ఆవిడ అన్నం కలుపుతూ విన్నది. "నాకు తెలుసురా ఖాళీ అవుతోందని. కాగితం కంటే నాకే ఎక్కువ తెలుసని అనుకోలేదు, అంతే" అంది. నేను మన్నించమని అడిగాను. "పప్పు తిననీ ముందు" అంది.

కుర్చీ కింద రెండు దిండ్లు వేసి ఎత్తు పెంచి మొదలుపెట్టించింది ఫిజియోథెరపీ అమ్మాయి. కొన్ని వారాలకి ఒక దిండు తీసింది, తర్వాత రెండోది. చీలమండలకి ఇసుక సంచులు. గోడ పట్టుకుని మడమలెత్తడం. నొక్కడానికి రబ్బరు బంతి. అంతా మునుపటికి వచ్చేసిందని రాయలేను. పిడికిలి బలం 14 దగ్గర ఆగింది. చిక్కడపల్లి వెంకటేశ్వరస్వామి గుడికి వెళితే ఒక చేయి నా భుజం మీద ఉండాల్సిందే. పోయిన కండలో కొంత ఇక రాదని డాక్టరమ్మ సూటిగానే చెప్పింది. ఆ కొంత నా ఖాతాలోదే.

అయిదుసార్లు లేచి కూర్చోవడానికి ఇప్పుడు 17 సెకన్లు పడుతోంది. ఫోనులో సమయం చూడడం నా పని. మూడోసారి లేచేటప్పుడు తొడలు వణుకుతాయి, మొహం ఎర్రబడుతుంది. ఆ క్షణాన నా చెయ్యి నాకు తెలియకుండానే ఆవిడ మోచేతి కిందికి వెళ్లిపోతుంది. సాయం చేస్తే కండకి పని ఉండదని ఫిజియోథెరపీ అమ్మాయి నాకెన్నిసార్లో చెప్పింది. నిన్న కూడా వెళ్లింది. అక్కయ్య ఎగశ్వాసలోనే నా చెయ్యి తోసేసి, "పట్టుకోకురా, లెక్క తప్పుతుంది" అని నాలుగోసారి కూర్చుంది.